94 ప్రశ్నల్లో ఆమె మాత్రమే చెప్పగలిగినవి 11: ఒక టీమ్ లీడర్ కేసు

ముందుగా ఒక మాట. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ ఇందులోంచి తీసేశాను, కొన్ని మార్చాను. రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. డ్రాఫ్ట్ చదివి రెండు చోట్ల "ఇక్కడ నన్ను మరీ మంచిదాన్ని చేసేశారు" అని కొట్టేశారు కూడా.

నేను మేనేజర్లతో, టీమ్ లీడర్లతో విడిగా కూర్చుని పనిచేసే కోచ్‌ని. అంతకు ముందు చాలా ఏళ్లు నేనూ టీములు నడిపాను, ఈమె చేసిన తప్పే నేనూ చేశాను, అప్పట్లో నాకది తప్పు అని కూడా తెలియదు. ఈ కేసులో మొదటి మూడు నెలలు నేను చేసిన పనులు ఏవీ ఫలించలేదు. అవి ఎందుకు ఫలించలేదో చెప్పడానికే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

నేపథ్యం

వ్యాపార సంస్థలకు సాఫ్ట్‌వేర్ అమర్చి, ఆ తర్వాత దాని బాగోగులు చూసుకునే టీమ్ ఆమెది. 12 మంది ఉంటారు. అదే టీమ్‌లో ఏడేళ్లు ఇంజనీరుగా చేశారు, లీడ్ అయ్యి ఏడాదిన్నర. ఇంజనీరుగా ఆమెకు గట్టి పేరుంది, ఎవరికీ అంతుపట్టని సమస్య వస్తే చివరికి ఆమె టేబుల్ మీదికే చేరేది, ఆమె రాత్రంతా కూర్చుని అయినా దాని అంతు చూసేవారు. ఆ పేరు వల్లే ప్రమోషన్ వచ్చింది.

ఇక్కడే సగం కథ ఉంది. బాగా పని చేసేవాళ్లని పైకి పంపించడం న్యాయంగానే కనిపిస్తుంది కానీ, ఆ పనిలో ఉన్న నేర్పు పని చేయించడంలో ఉంటుందని గ్యారంటీ ఏమీ లేదు. బెన్సన్, లీ, షూ అనే ముగ్గురు పరిశోధకులు 131 కంపెనీల అమ్మకాల సిబ్బంది లెక్కలు తీసి చూసి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎక్కువ అమ్మినవాళ్లకే ప్రమోషన్ దక్కే అవకాశం ఎక్కువగా ఉందట, తీరా వాళ్లు మేనేజర్లయ్యాక వాళ్ల కింది వాళ్ల పనితీరు తగ్గిందట. ఈ సంగతి ఆమెకు మొదటి రోజే చెప్పి ఉంటే లేచి వెళ్లిపోయేవారేమో. ఐదో నెలలో చెప్పాను, నవ్వారు.

వచ్చిన సమస్య

నన్ను పిలిచింది ఆమె కాదు, ఆమె పై డైరెక్టర్. ఆయన మాట ఇది: "ఆరు నెలల్లో ఇద్దరు మానేశారు. ఇంకొకడు మానేసేలా ఉన్నాడు. పనులన్నీ లేటు. ఆవిడకి కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ, అది కాస్త చూడండి."

ఆమెను అడిగితే: "మా వాళ్లకి బాధ్యత అనేదే లేదండి. చీమ చిటుక్కుమన్నా నా దగ్గరికే వస్తారు. నా పని నేను రాత్రి తొమ్మిది తర్వాత మొదలుపెడుతున్నాను."

టీమ్‌లో ఐదుగురితో విడివిడిగా మాట్లాడాను. మాటలు వేరు, అందరూ చెప్పింది ఒకటే. అందులో ఒకాయన చెప్పినంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు: "మేడమ్ మంచివారే సార్. మేం ఏం చేసినా ఆవిడ మళ్లీ చేస్తారు. అలాంటప్పుడు ముందే అడిగితే ఒకసారితో పోతుంది కదా."

ముగ్గురూ ఒకే జబ్బుకి మూడు పేర్లు చెప్పారు. సరైన పేరు మూడో చోట దొరికింది, అది ఇప్పుడు తెలుస్తోంది. కానీ ఫీజు ఇచ్చేది డైరెక్టర్ కాబట్టి, ఆయన చెప్పిన పేరుతోనే వైద్యం మొదలుపెట్టాను. ఒప్పుకోవడానికి ఇబ్బందిగానే ఉంది కానీ జరిగింది అదే.

మొదటి ప్రయత్నం: ఫీడ్‌బ్యాక్ ఎలా ఇవ్వాలి

ఆమె మాట నిజంగానే కరుకు. "ఇది ఇలా కాదు" అంటారు, అక్కడితో సరి. కాబట్టి నేను ఊహించిన దారి తేలికైనది: ముందు బాగున్నది చెప్పడం, తర్వాత మార్చాల్సింది చెప్పడం, చివర్లో ధైర్యం చెప్పడం. నాలుగు సెషన్లు దీని మీదే గడిపాం. ఆమె శ్రద్ధగా నేర్చుకున్నారు, ఏది పట్టుకున్నా అంతే ఆవిడ.

ఐదో వారంలో టీమ్‌లో ఒకమ్మాయిని ఎలా ఉందని అడిగితే, "టెన్షన్‌గా ఉంది సార్. ఈ మధ్య మేడమ్ మెచ్చుకుంటున్నారు, అంటే వెనకాల ఏదో పెద్దదే వస్తోందని అర్థం" అంది.

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఎందుకంటే ఇది నాకు తెలిసి ఉండాల్సిన సంగతి. 1996లో క్లూగర్, డినీసీ అనే ఇద్దరు అప్పటిదాకా ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన పరిశోధనలన్నీ ఒక చోట చేర్చి లెక్క కడితే, సగటున మేలు జరిగినా, మూడో వంతు కంటే ఎక్కువ సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పనితీరు తగ్గిందని తేలింది. వాళ్లు చెప్పిన కారణాన్ని నా మాటల్లో చెప్పాలంటే, మనిషి ధ్యాస పని మీద నుంచి తన మీదికి మళ్లినప్పుడు ఫీడ్‌బ్యాక్ ఎదురు తిరుగుతుంది. ఇక్కడ జరిగింది అదే. "ఈ రిపోర్టులో ఏం మార్చాలి" అని ఆలోచించాల్సిన అమ్మాయి, "నా గురించి మేడమ్ ఏమనుకుంటున్నారు" అని ఆలోచిస్తోంది. మాటకి ఎంత తేనె పూసినా ఆ ధ్యాస మళ్లడం ఆగదు. పైగా పని మళ్లీ చేసేయడం మాత్రం మానలేదు కదా, ఆ పనికి ముందు రెండు మంచి మాటలు చేరాయి, అంతే.

రెండో ప్రయత్నం: పనులు అప్పగించడం

సరే, సమస్య మాటలో లేదు, పని పంచుకోవడంలో ఉందని నిర్ణయించాను. ఆమె చేస్తున్న పనులన్నీ రాయించాను, అందులో వేరేవాళ్లు చేయగలిగినవి 23 తేలాయి, పేరు పేరునా అప్పగించారు. మూడు వారాలు తిరిగేసరికి 16 వెనక్కి వచ్చేశాయి. ఎవరూ "నేను చేయను" అనలేదు. "మేడమ్, ఇది ఒకసారి చూస్తారా" అన్నారు, ఆమె "సరే, పెట్టి వెళ్లు" అన్నారు. ఆంకెన్, వాస్ అనే ఇద్దరు 1974లో రాసిన ఒక వ్యాసంలో దీన్ని కోతితో పోల్చారు: కింది ఉద్యోగి భుజం మీదున్న కోతి, "చూస్తాలే" అన్న ఒక్క మాటతో మేనేజర్ భుజం మీదికి దూకేస్తుంది. ఆమె భుజాల మీద అప్పటికి 16 కోతులు.

నేను మామూలుగా అయితే "గట్టిగా ఉండండి, వెనక్కి పంపండి" అని చెప్పేవాణ్ని. ఈసారి ఎందుకో చెప్పబుద్ధి కాలేదు, ఒక్క పని ఎలా వెనక్కి వచ్చిందో దగ్గర్నుంచి చూద్దామనిపించింది. ఒక క్లయింటుకి పంపిన ఎనిమిది పేజీల డాక్యుమెంట్ తెరిపించి, దాని మార్పుల చరిత్ర చూపించమన్నాను. జూనియర్ ఇంజనీరు సాయంత్రం 5:40కి పూర్తి చేసి వదిలాడు. రాత్రి 10:52కి ఆమె తెరిచారు. 41 చోట్ల మార్చారు. పన్నెండున్నరకి నేరుగా క్లయింటుకి పంపేశారు, ఆ అబ్బాయికి ఒక ముక్క కూడా చెప్పకుండా.

ఇద్దరం కూర్చుని ఆ 41 మార్పులూ ఒక్కొక్కటే చూశాం. గంట పైనే పట్టింది. నిజంగా తప్పులు 6. అందులో ఒకటి పెద్దది, సర్వర్ సామర్థ్యం లెక్కలోనే పొరపాటు, అలాగే పోయి ఉంటే పరువు పోయేది. మిగతా 35? "చేయవలెను" అన్న చోట "చేయాలి". పట్టికలో వరసలు అటూ ఇటూ. ఒక పేరా పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి, అదే రాత్రి రెండుసార్లు. ఆమె స్క్రీన్ వైపు చూస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, "ఇది మార్చడం నాకు చాలా హాయిగా అనిపించింది తెలుసా అండీ, ఆ రాత్రి" అన్నారు.

ఈ మాట నేను నోట్స్‌లో రాసుకున్నాను కానీ, దాని విలువ నాకు ఇంకో నెల దాకా తెలియలేదు. అప్పుడు నాకు కనిపించింది ఇంకో సంగతి: ఆ అబ్బాయికి తన 6 తప్పులేమిటో ఎప్పటికీ తెలియవు. పెద్ద తప్పు చేశానని కూడా తెలియదు. తెలిసింది ఒక్కటే, తను ఎలా రాసినా అది మారిపోతుంది. అలాంటప్పుడు సర్వర్ లెక్క రెండోసారి సరిచూసుకోవడానికి అతనికి ఏం అవసరం?

మూడో ప్రయత్నం, నా తప్పు

టీమ్ మనసులో మాట ఆమెకు నేరుగా తెలిస్తే మారతారనుకుని, పేర్లు లేకుండా ఒక సర్వే పెట్టించాను. తొమ్మిది మంది రాశారు. ఆ కాగితాలు పట్టుకుని ఆమె సెషన్‌కి వచ్చారు, గంటసేపు మేం చేసిన పని ఒకటే: ఏది ఎవరు రాశారో ఊహించడం. నేను ఆపబోయాను, ఆగలేదు. "ఈ 'స్పష్టత కొరవడింది' అనే మాట మా వాళ్లలో ఒక్కడే వాడతాడు" అన్నారు. ఊహ సరైనదే అయ్యుండొచ్చు. తర్వాత రెండు వారాలు అతనితో ఎంత తియ్యగా మాట్లాడారంటే, తను దొరికిపోయానని అతనికి అర్థమైపోయింది. మానేసేలా ఉన్న ఆ మూడో వ్యక్తి ఇతనే.

12 మంది ఉన్న చోట పేరు లేకుండా రాయడమనేది ఉత్తమాట. భాషలోనే మనిషి దొరికిపోతాడు. ఇంతకాలం ఈ పనిలో ఉండి కూడా నేను ఇది ఆలోచించలేదు. టీమ్‌కి ఆమె మీద ఉన్న నమ్మకాన్ని నేనే ఇంకొంచెం తగ్గించానన్నమాట. డైరెక్టర్‌కి ఈ సంగతి చెప్పాను, ఆ నెల ఫీజు వద్దన్నాను. ఆయన ఇచ్చేశారనుకోండి, అది వేరే సంగతి.

మలుపు

ఆ తర్వాత ఆమె ఇంట్లో పని ఉండి నాలుగు రోజులు సెలవు పెట్టారు. తిరిగొచ్చి చెప్పారు: "31 ఫోన్లండీ. నాలుగు రోజుల్లో." కంప్లైంట్ చేస్తున్నట్టే ఉంది, కానీ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. నేను లేకపోతే చూశారా, అన్నట్టు.

నాకు 1939లో వచ్చిన ఒక పాత ప్రయోగం గుర్తొచ్చింది. లెవిన్, లిపిట్, వైట్ అనే ముగ్గురు పదేళ్ల వయసు పిల్లల చిన్న చిన్న క్లబ్బులు పెట్టి, పెద్దవాళ్లని రకరకాల పద్ధతుల్లో నడిపించమన్నారు. అంతా పెద్దాయనే చెప్పే గుంపుల్లో ఆయన గదిలో ఉన్నంతసేపూ పని బాగానే సాగింది. ఆయన బయటికి వెళ్లగానే చతికిలబడింది. కలిసి నిర్ణయించుకునే గుంపుల్లో మాత్రం పెద్దవాళ్లు లేకపోయినా పని దాదాపు అలాగే సాగింది. పిల్లల బొమ్మల పనికీ, ఉద్యోగాలకీ తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ లీడర్ పనితనం చూడాలంటే ఆయన గదిలో లేనప్పుడు చూడాలన్న ఆలోచన నాకు ఆ ప్రయోగం నుంచే వచ్చింది. ఇక్కడ ఆ పరీక్ష జరగనే జరిగింది, ఫలితం 31.

ఇక ఏమీ నేర్పకూడదనుకున్నాను. ఒక నోట్‌బుక్ పెట్టుకోమన్నాను. పది పని దినాల పాటు, ఎవరు ఏం అడిగినా అడిగిన మాట అడిగినట్టే రాయాలి. మారొద్దు, ఎప్పటిలాగే జవాబు చెప్పండి, రాయండి, అంతే. మార్పు అడగకపోవడానికి కారణముంది: అప్పటికే నేను మూడుసార్లు మార్పు అడిగాను, మూడుసార్లూ ఆమె నన్ను మెప్పించడానికి చేశారు. ఈసారి నాకు నిజం కావాలి.

94 ప్రశ్నలు వచ్చాయి. అన్నీ చిన్న చీటీల మీద రాయించి టేబుల్ మీద పరిచాం. ఆమెనే కుప్పలు పెట్టమన్నాను. మొదటి కుప్ప, అడిగినవాళ్లకి జవాబు తెలిసీ అడిగినవి: "ఈ మెయిల్ పంపేయనా?", "రేపు పొద్దున్న చేస్తే సరిపోతుందా?". ఇవి 52. రెండో కుప్ప, ఆమె దగ్గర మాత్రమే ఉన్న సమాచారం లేకనో, పర్మిషన్ లేకనో అడిగినవి: ఫలానా క్లయింటు ఒప్పందంలో ఏముంది, ఫలానా సర్వర్ పాస్‌వర్డ్ ఏంటి. ఇవి 31. (ఫోన్లూ 31 కావడం యాదృచ్ఛికమే, మా ఇద్దరికీ అదో జోక్ అయిపోయింది.) మూడో కుప్ప, నిజంగా ఆమె స్థాయిలోనే తేలాల్సినవి. 11.

ఆ 11 చీటీలు ఆమె చేతిలో పట్టుకుని ఒకటి తర్వాత ఒకటి తిప్పుతూ పోయారు. ముఖంలో రంగు మారింది. ఏమైందని అడిగితే, "వీటిల్లో ఎనిమిదింటికి నేనింకా జవాబు చెప్పలేదు" అన్నారు.

52 చిల్లర ప్రశ్నలకీ అప్పటికప్పుడు జవాబులు వెళ్లిపోయాయి. ఆమె తప్ప ఎవరూ చెప్పలేని వాటికి మాత్రం "చూద్దాం" అన్న మాట దగ్గరే ఆగింది. ఇంకా దగ్గరగా చూస్తే ఆ ఎనిమిదిలో ఏడు ఒకే విషయం: సేల్స్ వాళ్లు క్లయింటుకి ఇష్టమొచ్చిన తేదీ మాట ఇచ్చేస్తున్నారు, ఆ తేదీకి పని అవ్వదు, ఏం చేయాలి? ఇది తేలాలంటే సేల్స్ హెడ్‌తో కూర్చుని గొడవ పడాలి. ఆయన ఆమెకంటే సీనియర్, గట్టిగా మాట్లాడే మనిషి.

అప్పుడు ఆ "హాయిగా అనిపించింది" గుర్తొచ్చింది నాకు. చిన్న ప్రశ్నకి జవాబు చెప్తే అప్పటికప్పుడు తృప్తి, అవతలివాళ్ల ముఖంలో థాంక్స్. రాత్రి పూట డాక్యుమెంట్ దిద్దితే ఒకప్పటి ఇంజనీరు మళ్లీ బతుకుతుంది. ఆ హాయి వెనకాల ఆమె దాక్కున్నారు. టీమ్ బాధ్యత లేకుండా తన దగ్గరికి వస్తోందని ఆమె అనుకున్నారు కానీ, వాళ్లు రాకపోతే సేల్స్ హెడ్ గదికి వెళ్లాల్సి వచ్చేది. ఈ మాట నేను అనలేదు, చీటీలు చూస్తూ ఆమే అన్నారు, నేను అని ఉంటే బహుశా వాదించేవారు.

ఏది ముందు?

ఆమె ఆ ఊపులో ఆ మధ్యాహ్నమే సేల్స్ హెడ్ దగ్గరికి వెళ్తానన్నారు. వద్దన్నాను. రోజుకి తొమ్మిది పది ప్రశ్నలు తలలో తిరుగుతున్న మనిషి అలాంటి సంభాషణకి సిద్ధంగా ఉండరు, ఒకసారి ఓడిపోయి వస్తే మళ్లీ ఆర్నెల్లు ఆ వైపు చూడరు. 52ని ముందు పట్టుకోవాలా? అదీ వద్దనుకున్నాను, ఎందుకంటే దానికి టీమ్ ఆమెను నమ్మాలి, సర్వే దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. అందుకని మధ్య కుప్ప, 31. దీనికి ఎవరి స్వభావమూ మారక్కర్లేదు. పర్మిషన్లు ఇప్పించారు, ఒక్కో క్లయింటు ఒప్పందంలోని ముఖ్యమైన షరతులు ఒక్కో పేజీ రాసి అందరికీ కనిపించే చోట పెట్టారు. పది రోజుల పని. నేను చూసుకున్న లాభం ఇంకోటి కూడా: ఇన్నాళ్లూ ఆమె దగ్గర మాత్రమే ఉన్నది అందరి చేతికీ వచ్చింది. "మిమ్మల్ని నమ్ముతున్నాను" అని మీటింగులో వందసార్లు అనడం కంటే ఒక పాస్‌వర్డ్ ఇవ్వడం గట్టి మాట.

తర్వాత 52. టీమ్ అంతా కూర్చుని ఆ చీటీలనే మూడు వరసలు చేశారు: చేసేయండి, చేసి చెప్పండి, ముందు అడగండి. ఆ మీటింగులో ఆమెకు నేను పెట్టిన షరతు ఒకటే, ఏ చీటీ మీదైనా ఆమె అందరికంటే చివర మాట్లాడాలి, ఎవరూ నోరు విప్పకపోతే మనసులో పది లెక్కపెట్టాలి. నేను గది మూల కూర్చున్నాను. మొదటి చీటీకి ఎవరూ మాట్లాడలేదు. ఆమె పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, నాలుగో సెకనులో నోరు తెరిచారు, నా వైపు చూసి మూసేశారు. ఏడు, ఎనిమిది... ఎప్పుడూ మాట్లాడని ఒకమ్మాయి, "అసలు ఈ మెయిల్‌కి అనుమతి ఎందుకు మేడమ్, వారానికి ఒకటే మెయిల్ కదా, ఒక నమూనా ఉంటే చాలు" అంది. అంతే, ఆ తర్వాత ఆపడమే కష్టమైంది.

ఒక నియమం మాత్రం ఆమెతో ఖరారు చేయించాను. మొదటి రెండు వరసల్లో ఎవరు తీసుకున్న నిర్ణయాన్నైనా, అది తప్పని ఆమెకు అనిపించినా సరే, క్లయింటుకి నష్టం జరుగుతుంటే తప్ప తిరగదోడకూడదు. ఎందుకు ఇంత గట్టిగా పట్టుబట్టానంటే, ఇలాంటి ఏర్పాట్లని టీమ్ కాగితం చూసి నమ్మదు. మొదటి తప్పు నిర్ణయం దగ్గర లీడర్ ఏం చేస్తారో చూసి నమ్ముతుంది. ఒక్కసారి తిరగదోడితే 52 ప్రశ్నలూ మర్నాడే వెనక్కి వస్తాయి.

ఆరో వారం

ఆ మొదటి తప్పు ఆరో వారంలో వచ్చింది. ఒక ఇంజనీరు, పరీక్ష డేటాలో ఏదో తేడా కనిపించిందని, క్లయింటు అప్‌డేట్‌ని రెండు రోజులు వాయిదా వేసి ఆమెకు మెసేజ్ పెట్టాడు. "చేసి చెప్పండి" వరసలోదే. గంటలో క్లయింటు మేనేజర్ ఫోన్ చేసి అరిచాడు. ఆమె ఆ తేడా చూశారు, చూడగానే అర్థమైంది, అది ఏమీ కాదు, ఆ రాత్రే అప్‌డేట్ చేసేయొచ్చు. నాకు ఫోన్ చేశారు: "నేనైతే అరగంటలో తేల్చేస్తాను. ఏం చేయమంటారు?"

నేను తిరిగి అడిగింది ఒక్కటే, రెండు రోజుల ఆలస్యం వల్ల క్లయింటుకి నష్టమా, కోపమా? ఆలోచించి, కోపమేనన్నారు. అయితే నియమం ప్రకారం ఆగాల్సిందే. ఆమె క్లయింటుకి ఫోన్ చేసి "మా టీమ్ జాగ్రత్త కోసం ఆపింది, రెండు రోజుల్లో చేస్తాం" అని చెప్పి తిట్లు తిన్నారు.

మర్నాడు ఆ ఇంజనీరుతో ఏం మాట్లాడాలో ముందుగా ప్రాక్టీస్ చేశాం. ఇక్కడ ఒక్క మాట మీద అరగంట గడిపామంటే నమ్మరు. "ఎందుకు ఆపావు?" అంటే సంజాయిషీ అడిగినట్టే వినిపిస్తుంది, ఎంత మెల్లగా అన్నా సరే. "ఏం చూసి ఆపావు?" అంటే అవతలి మనిషి తన కళ్లకు కనిపించింది చెప్తాడు. ఆమె రెండోదే అడిగారు. అతను చెప్పాడు, చెప్తూ చెప్తూ మధ్యలో తనే ఆగి, "అయ్యో, అయితే ఇది టైమ్ జోన్ తేడా కదా మేడమ్, ఆపక్కర్లేదు" అన్నాడు. ఆమె "అవును" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత అలాంటి తేడా వస్తే ఎలా చూడాలో అతనే ఒక పేజీ రాసి అందరికీ పంపాడు, ఎవరూ రాయమనకుండా. 41 చోట్ల దిద్దితే ఇది వచ్చేదా?

లెక్కలు పెరిగాయి

రెండు నెలల తర్వాత డైరెక్టర్ కంగారుగా ఫోన్ చేశారు. టీమ్ రాసుకునే పొరపాట్ల పట్టికలో సంఖ్య దాదాపు రెట్టింపైంది. "మీ కోచింగ్ వల్ల తప్పులు పెరిగినట్టున్నాయి."

ఆయన కంగారులో అర్థముంది. నేను ఆయనకు ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలి సంగతి చెప్పాను. 1990లలో ఆవిడ ఆసుపత్రి టీముల్లో మందులు ఇవ్వడంలో జరిగే తప్పుల మీద పరిశోధన చేస్తూ, బాగా పనిచేసే టీముల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకున్నారు. లెక్కలు తిరగబడ్డాయి, మంచి టీముల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. తర్వాత తేలిందేమిటంటే అక్కడ నర్సులు తప్పుల్ని దాచకుండా చెప్తున్నారు. ఆవిడ 1999లో ప్రచురించిన పరిశోధనలో దీన్నే టీమ్‌లో మాట్లాడటానికి భయం లేకపోవడంగా వివరించారు.

కానీ ఒక పరిశోధన చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు, మన దగ్గరా అదే జరిగిందని ఏంటి రుజువు? నిజంగానే తప్పులు పెరిగి ఉండొచ్చు. అందుకని పట్టికలో ప్రతి పొరపాటునీ ఎవరు ముందు కనిపెట్టారో చూశాం. ఇదివరకు ఎక్కువ శాతం క్లయింట్లు పట్టుకున్నవే. ఇప్పుడు ఎక్కువ శాతం టీమ్ తనే పట్టుకుని రాసినవి, క్లయింట్లు పట్టుకున్నవి కొంచెం తగ్గాయి కూడా. దాంతో డైరెక్టర్ కుదుటపడ్డారు. క్లయింట్లు పట్టుకున్నవి పెరిగి ఉంటే మాత్రం నేను వరసలు మళ్లీ సరిచేయించేవాణ్ని.

కుదరనివి

అందరికీ ఇది నచ్చలేదు. తొమ్మిదేళ్ల అనుభవమున్న ఒకాయన మూడో వారంలోనే చెప్పేశాడు, "ఏం చేయాలో చెప్పండి, చేస్తాను. నిర్ణయాల తలనొప్పి నాకెందుకు?" ఆమె, నేను ఇద్దరం ఇది భయమనుకున్నాం, ధైర్యం చెప్తే పోతుందనుకున్నాం. పోలేదు. ఆయనకి నిజంగానే వద్దు, అంతే. అందరూ స్వేచ్ఛ కోసం ఎదురుచూస్తున్నారనుకోవడం మాలాంటి కోచ్‌ల మూఢనమ్మకం. చివరికి ఆయన వేరే టీమ్‌కి మారాడు, అక్కడ బాగున్నాడని విన్నాను.

సర్వేలో దొరికిపోయిన అతను మానేశాడు. వెళ్లేటప్పుడు ఆమెతో బాగానే మాట్లాడాడట. నేను మాత్రం ఆ ఖాతాలో నా వంతు రాసుకున్నాను.

నా పద్ధతిలో మారింది

ఇప్పుడు ఏ లీడర్‌తో మొదలుపెట్టినా, మొదటి రెండు వారాలు ప్రశ్నల నోట్‌బుక్కే. నైపుణ్యాల గురించి మాట తర్వాత. చిన్న టీములకు పేర్లు లేని సర్వే పెట్టను. "అప్పగించండి" అనే ముందు, అప్పగించిన పని తిరిగి ఎలా వస్తోందో ఒక్కటైనా చివరిదాకా వెంటపడి చూస్తాను. ఇంకా, ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాను: ఈ చిన్న పనులన్నీ రేపటి నుంచి మాయమైతే, మీరు ఏ గది తలుపు తట్టాల్సి వస్తుంది? చాలామంది దగ్గర సమాధానం వెంటనే వస్తుంది, అంటే ఆ తలుపు ఎప్పుడూ మనసులో ఉన్నదే.

సేల్స్ గది

ఏడో నెలకి ఆమె దగ్గరికొచ్చే ప్రశ్నలు రోజుకి రెండు మూడుకి తగ్గాయి. ఆ నెలలో ఒక సెషన్‌కి చాలా దిగులుగా వచ్చారు. "సాయంత్రం ఇంటికెళ్తే ఏం పని చేశానో గుర్తురావడం లేదు. జీతం ఎందుకు తీసుకుంటున్నానో తెలియట్లేదు." దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. పదేళ్ల నుంచి ఏ పనైతే తనకి గౌరవం తెచ్చిందో అది చేతిలోంచి పోయింది, దాని బదులు ఇంకా ఏమీ రాలేదు. చాలామంది లీడర్లు సరిగ్గా ఈ చోటే వెనక్కి తిరుగుతారు, మళ్లీ రాత్రి డాక్యుమెంట్లు తెరుస్తారు. నేను ఆ 11 చీటీల కట్ట బయటికి తీశాను. నా దగ్గరే దాచాను అన్నాళ్లూ.

ఆ ఏడు చీటీలూ పట్టుకునే ఆమె సేల్స్ హెడ్ దగ్గరికి వెళ్లారు. మొదటిసారి ఘోరంగా జరిగింది, ఆయన "మీరు పని స్పీడుగా చేయించుకోలేక నా మీద పడుతున్నారు" అన్నాడు, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, లేచి వచ్చేశారు. పది రోజులాగి మళ్లీ వెళ్లారు. ఈసారి ఫిర్యాదు చేయలేదు. తేదీ తప్పిన మూడు ప్రాజెక్టుల్లో క్లయింటు ఆపేసిన చెల్లింపుల లెక్క ఆయన ముందు పెట్టారు, అది ఆయన టార్గెట్‌కి తగిలే లెక్క. క్లయింటుకి తేదీ చెప్పే ముందు ఒక ఇంజనీరుకి చూపించాలని, ఆ ఇంజనీరు 24 గంటల్లో జవాబివ్వాలని ఒప్పందం కుదిరింది. తేదీలు చూసే పని "చేసి చెప్పండి" వరసలోకి వెళ్లింది, ఎవరికి ఇచ్చారంటే, టైమ్ జోన్ తేడాకి అప్‌డేట్ ఆపిన ఆ ఇంజనీరుకే.

మేం చివరిసారి కలిసేనాటికి ఆ ఒప్పందం మీద నాలుగు తేదీలు వచ్చాయి. మూడు ఇంజనీరు చూశాకే క్లయింటుకి వెళ్లాయి. నాలుగోది సేల్స్ హెడ్ మళ్లీ పాత పద్ధతిలోనే చెప్పేశాడు. ఆమె నాతో మాట్లాడుతూనే మూడుసార్లు గడియారం చూసుకున్నారు, నాలుగున్నరకి ఆయనతో మీటింగ్ ఉందట.